ఆకలిగొన్న దేశం కోసం ఒక మారథాన్: కిరియాకిదిస్ పరుగుపై తరచుగా అడిగే ప్రశ్నలు

"శాంతి కోసం పరుగు" అని బనియన్ల మీద అచ్చు వేయించి ఆదివారం పొద్దున్నే జెండా ఊపడం ఇప్పుడు ఏ ఊరిలోనైనా చూస్తున్నదే. ఆ మాటకు నిజంగా బరువు ఉన్న సందర్భాలు చరిత్రలో కొన్నే. వాటిలో నాకు అన్నిటికన్నా ముందు గుర్తుకొచ్చేది 1946 ఏప్రిల్ 20న అమెరికాలోని బోస్టన్‌లో ఒక గ్రీకు వ్యక్తి పరుగెత్తిన మారథాన్. ఈ కథ చెప్పినప్పుడల్లా వినేవాళ్లు దాదాపు ఇవే ప్రశ్నలు వేస్తారు. వాటికి జవాబులన్నీ ఒకచోట పెడుతున్నాను.

ఎవరీ కిరియాకిదిస్?

స్టిలియానోస్ కిరియాకిదిస్ 1910లో సైప్రస్ ద్వీపంలో, పాఫోస్ ప్రాంతపు స్టాటోస్ అనే కొండపల్లెలో పుట్టాడు. పేద రైతు కుటుంబం. అప్పటికి సైప్రస్ బ్రిటిష్ వారి ఏలుబడిలో ఉంది. కుర్రవాడిగా ఒక బ్రిటిష్ వైద్యుడి ఇంట్లో పనికి కుదిరి, ఆ వైద్యుడి ప్రోత్సాహంతోనే పరుగు పందేల్లోకి వచ్చాడు. తర్వాత గ్రీసు చేరి ఆ దేశం తరఫున పరుగెత్తాడు. బాల్కన్ క్రీడల్లో మారథాన్‌ను పలుమార్లు గెలిచాడు. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో 11వ స్థానంలో వచ్చాడు. కడుపు నింపిన ఉద్యోగం మాత్రం ఏథెన్స్ విద్యుత్ కంపెనీలో బిల్లుల వసూలు.

1946 నాటికి గ్రీసు ఏ స్థితిలో ఉంది?

ఇది తెలియకపోతే ఆ పరుగు ఒక మామూలు క్రీడావార్తగానే మిగులుతుంది. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

1941 ఏప్రిల్‌లో జర్మన్ సేనలు ఏథెన్స్‌లోకి వచ్చాయి. దేశాన్ని జర్మనీ, ఇటలీ, బల్గేరియా పంచుకున్నాయి. వచ్చిన సైన్యాలు పండిన పంటను ఎత్తుకుపోయాయి. శత్రువు చేతిలో ఉన్న దేశానికి సరుకు చేరకూడదని బ్రిటన్ సముద్రాన్ని దిగ్బంధించింది. గ్రీసు తిండిగింజల్లో చాలా భాగం దిగుమతి మీదే ఆధారపడిన దేశం. పండినది దొంగిలించారు, రావలసినది ఆపేశారు. ఆ ఏడాది చలికాలం ఏథెన్స్ వీధుల్లో మనుషులు నడుస్తూ నడుస్తూ పడిపోయేవారు. పొద్దున్నే బండ్లు వచ్చి శవాలను ఎత్తుకుపోయేవి. చనిపోయిన మనిషి రేషన్ కార్డు పోతుందని కుటుంబాలు చావును దాచిపెట్టేవి. ఆక్రమణ కాలం మొత్తం మీద ఆకలి, దాని వెంట వచ్చిన రోగాల వల్ల మరణించినవారు మూడు లక్షల దాకా ఉంటారని చరిత్రకారుల అంచనా. 1943 నాటి మన బెంగాల్ కరువు ఇంతకన్నా ఎన్నో రెట్లు పెద్దది. కానీ గ్రీసు జనాభా అప్పుడు డెబ్భై లక్షల చిల్లర మాత్రమేనని గుర్తుంచుకోవాలి.

1944 అక్టోబరులో జర్మన్లు వెళ్లిపోయారు. శాంతి మాత్రం రాలేదు. రెండు నెలలు తిరగకముందే, డిసెంబరులో, ఏథెన్స్ నడివీధుల్లో వామపక్ష ప్రతిఘటన దళాలు ఒకవైపు, ప్రభుత్వ, బ్రిటిష్ సేనలు మరోవైపు కాల్చుకున్నాయి. జర్మన్ల మీద పోరాడినవాళ్లు తమలో తాము పోరాడుకోవడం మొదలుపెట్టారు. 1946 మార్చి 31న ఎన్నికలు జరిగితే వామపక్షాలు వాటిని బహిష్కరించాయి. అదే సమయంలో ఒలింపస్ పర్వతం పక్కనున్న లిటోహోరోలో సాయుధ దళం పోలీసు స్టేషన్ మీద దాడి చేసింది. చాలామంది గ్రీకు అంతర్యుద్ధాన్ని ఆ రాత్రి నుంచే లెక్కిస్తారు. కిరియాకిదిస్ బోస్టన్ పరుగు దానికి సరిగ్గా ఇరవై రోజుల తర్వాత.

యుద్ధకాలంలో ఆయన ప్రాణాలతో ఎలా బయటపడ్డాడు?

ఆయన కుటుంబం చెప్పుకునే ఒక సంఘటన ఉంది. జర్మన్ సైనికులు ఆయనను పట్టుకుని సోదా చేశారు. ఆ రోజుల్లో అలా పట్టుబడ్డవాళ్లలో చాలామందిని తుపాకీ గుండ్లకు అప్పగించేవారు. ఆయన దగ్గర 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో పాల్గొన్నట్టు చూపే పత్రం దొరికింది. అది చూసిన సైనికుడి ముఖం మారింది. ఆయనను వదిలేశారు. హిట్లర్ తన ప్రతిష్ఠ కోసం జరిపించిన క్రీడల కాగితమే హిట్లర్ సైన్యం నుంచి ఒక మనిషిని కాపాడింది. ఇలాంటి విడ్డూరాలు చరిత్రలో కల్పించకుండానే దొరుకుతాయి.

ఆ ఏళ్లలో ఆయన సాధన పూర్తిగా మానేశాడు. తిండే లేనప్పుడు సాధన ఎక్కడిది!

మరి బోస్టన్ ఎందుకు? గ్రీసులోనే పరుగెత్తవచ్చు కదా?

రొట్టె ఎవరి దగ్గర ఉందో వాళ్లు చూసేచోట పరుగెత్తాలి. ఆయన లెక్క ఇంతే. యుద్ధం ముగిశాక పుష్కలంగా తిండి ఉన్న దేశం అమెరికా. అక్కడ గ్రీకు వలస కుటుంబాలు చాలా ఉన్నాయి. పత్రికలు ఉన్నాయి. 1897 నుంచి ఏటా జరుగుతున్న బోస్టన్ మారథాన్‌కు ఆ దేశంలో ఉన్న పేరు మరే పరుగుకూ లేదు. అక్కడ గెలిస్తే మాట్లాడమని మైకు ఇస్తారు. ఓడిపోయినవాడి దేశం ఆకలి గురించి ఎవరూ అడగరు.

పైగా ఆయనకు అక్కడ పాత బాకీ ఒకటి ఉంది. 1938లో ఇదే బోస్టన్‌లో ఆయన పరుగు మొదలుపెట్టి మధ్యలో ఆపేశాడు. కొత్త బూట్లు. పాదాలు బొబ్బలెక్కాయి. పరుగెత్తేవాళ్లందరికీ తెలిసిన పాఠమే, పందెం రోజున కొత్త బూట్లు వేసుకోకూడదని. ఒలింపియన్ అయినా మినహాయింపు లేదు.

ప్రయాణానికి డబ్బు ఎక్కడిది?

ఇంట్లో సామాన్లు అమ్ముకున్నాడు. మిగతాది అక్కడా ఇక్కడా పోగుచేసి టికెట్ కొన్నాడు. భార్య ఇఫిజీనియా, చిన్నపిల్లలు ఏథెన్స్‌లోనే ఉండిపోయారు. పిల్లలకు పాలు దొరకని ఇంట్లో ఉన్న నాలుగు వస్తువులూ అమ్మి ఒక మనిషి పరుగు పందేనికి సముద్రం దాటుతున్నాడంటే ఇరుగుపొరుగు ఏమనుకుని ఉంటారో ఊహించడం కష్టం కాదు. బోస్టన్‌లో జార్జ్ డెమెటర్ అనే గ్రీకు అమెరికన్ హోటల్ యజమాని ఆయనకు అండగా నిలిచాడు.

డాక్టర్లు ఆయనను పరుగెత్తనివ్వలేదట. నిజమేనా?

ఆపబోయిన మాట నిజం. అప్పట్లో బోస్టన్‌లో పరుగుకు ముందు వైద్య పరీక్ష ఉండేది. చిక్కిశల్యమై వచ్చిన, ముప్పై అయిదేళ్లు దాటిన మనిషిని చూసి, ఇతను దారిలోనే పడి చనిపోతాడని వైద్యులు భయపడ్డారు. తన పూచీ మీద తానే పరుగెత్తుతానని పట్టుబట్టి ఒప్పించుకున్నాడు. గెలుస్తాను, లేదా చస్తాను అన్నదే అప్పటి ఆయన ధోరణి అని అందరూ రాశారు. వినడానికి నాటకీయంగా ఉంటుంది కానీ, ఆ వైద్యుల భయం మాత్రం నాటకం కాదు. ఏళ్ల తరబడి అర్ధాకలితో ఉన్న శరీరం 42 కిలోమీటర్లకు కావలసిన కొవ్వూ కండా ఎక్కడి నుంచి తెస్తుంది? బోస్టన్ చేరాక దొరికిన కొద్ది వారాల తిండి ఆయనను నిలబెట్టి ఉండాలి.

చేతిలో ఒక కాగితం పట్టుకుని పరుగెత్తాడంటారు. అందులో ఏముంది?

పరుగు మొదలయ్యే ముందు డెమెటర్ ఇచ్చిన చిన్న చీటీ అది. ఒకవైపు ప్రాచీన స్పార్టా తల్లులు యుద్ధానికి వెళ్లే కొడుకులతో అనేవారని చెప్పే మాట: "దీనితో రా, లేదా దీని మీద రా." 'ఇది' అంటే డాలు. గెలిచి డాలుతో తిరిగి రా, లేదంటే నీ శవాన్ని డాలు మీద మోసుకురానీ అని అర్థం. రెండోవైపు "మేం గెలిచాం" అన్న గ్రీకు పదం. మారథాన్ యుద్ధరంగం నుంచి ఏథెన్స్‌కు పరుగెత్తిన వార్తాహరుడు చనిపోయే ముందు పలికాడని కథల్లో చెప్పే పదం అదే. బయలుదేరేటప్పుడు చదువుకోవలసినది ఒకవైపు, చేరాక చదువుకోవలసినది మరోవైపు.

పందెం ఎలా సాగింది?

బోస్టన్ దారి హాప్‌కింటన్ అనే ఊళ్లో మొదలవుతుంది. మొదటి కిలోమీటర్లన్నీ పల్లానికి పోతాయి. కాళ్లు తేలికగా ఉన్నట్టు అనిపించి తెలియనివాళ్లు రెచ్చిపోతారు. తొడ కండరాలు అరిగేది అక్కడే, తెలిసేది ఎంతో దూరం వెళ్లాక. న్యూటన్ దగ్గర వరసగా గుట్టలు వస్తాయి. వాటిలో చివరిది దాదాపు 32వ కిలోమీటరు దాటాక ఎదురవుతుంది. దాని పేరే గుండె పగిలే గుట్ట. 1936లో అక్కడ జానీ కెల్లీ అనే స్థానిక వీరుడు ముందున్న ప్రత్యర్థిని అందుకుని, దాటుతూ భుజం తట్టాడు. ఆ తట్టుడుతో పౌరుషం వచ్చిన ప్రత్యర్థి మళ్లీ విజృంభించి గెలిచాడు. కెల్లీ గుండె పగిలిన గుట్టగా దానికి ఆ పేరు స్థిరపడింది.

1946లో కిరియాకిదిస్‌కు ఎదురు నిలిచింది ఆ కెల్లీయే. 1935లోనూ, అంతకు ముందు సంవత్సరం 1945లోనూ గెలిచినవాడు. ఇద్దరికీ బెర్లిన్ ఒలింపిక్స్ నుంచి పరిచయం. కిరియాకిదిస్ తొందరపడలేదు. ముందువాళ్లను పోనిచ్చాడు, గుట్టలు దాటాడు. చివరి కిలోమీటర్లలో కెల్లీ, ఆయన పక్కపక్కనే పరుగెత్తారు. నగరంలోకి వచ్చాక ఒక ముసలాయన గుంపులోంచి గ్రీకులో గట్టిగా అరిచాడని చెబుతారు: గ్రీసు కోసం, నీ పిల్లల కోసం అని. కిరియాకిదిస్ అక్కడి నుంచి విడిపోయి ముందుకు దూసుకుపోయాడు. 2 గంటల 29 నిమిషాల 27 సెకన్లలో గమ్యం దాటి "గ్రీసు కోసం!" అని కేక వేశాడు. కెల్లీ రెండు నిమిషాలు వెనకబడి రెండోవాడుగా వచ్చాడు.

ఓడిన కెల్లీ ఏమాత్రం చిన్నబుచ్చుకోలేదు. తన కోసం కాక దేశం కోసం పరుగెత్తేవాడిని ఓడించడం ఎలా అన్న అర్థం వచ్చేలా మాట్లాడాడు. పందెంలో ఓడినవాడి నోటి నుంచి ఇంతకన్నా గొప్ప మాట నేనైతే వినలేదు.

బహుమతి డబ్బు ఎంత వచ్చింది?

ఒక్క డాలరు కూడా రాలేదు. బోస్టన్‌లో నగదు బహుమతులు మొదలైంది 1986లో.

అయితే ఆయన గ్రీసుకు ఏం పట్టుకెళ్లాడు?

గెలిచిన మర్నాడే ఇంటికి వెళ్లిపోలేదు. దాదాపు నెల రోజులు అమెరికాలోనే ఉండి ఊరూరా తిరిగాడు. గ్రీకు చర్చీలు, సంఘాలు, విందులు, పత్రికల ఇంటర్వ్యూలు. ప్రతిచోటా ఒకటే మాట: మా వాళ్లు ఆకలితో ఉన్నారు. తిండి, మందులు, బట్టలు, డబ్బు పోగయ్యాయి. సాధారణంగా చెప్పే లెక్క రెండున్నర లక్షల డాలర్లు, పాతిక వేల టన్నుల సామగ్రి. ఇలాంటి గుండ్రటి అంకెలను గ్రాముల లెక్కన తూకం వేయకూడదు. కానీ ఓడల నిండా సరుకు వెళ్లిందన్నది మాత్రం వాస్తవం. ఆ సాయానికి జనం ఆయన పేరే పెట్టుకున్నారు.

ఏథెన్స్‌లో స్వాగతం ఎలా ఉంది?

మే నెలలో ఆయన తిరిగి వచ్చేసరికి నగరం రోడ్డు మీదికి వచ్చింది. పది లక్షల మంది అని రాసినవాళ్లున్నారు. అంత కాకపోయినా, ఆ కష్టకాలంలో గ్రీకులు అలా ఒక్కచోట గుమిగూడి సంతోషించిన సందర్భాలు అరుదు. యుద్ధం మొదలైనప్పటి నుంచి చీకటిలో ఉన్న అక్రోపోలిస్‌కు, అంటే ఏథెన్స్ నడిమధ్య కొండ మీది ప్రాచీన కోటకు, ఆ రాత్రి దీపాలు పెట్టారు. విద్యుత్ కంపెనీ బిల్లుల గుమాస్తా కోసం ఆ కొండ మీది పార్థెనాన్ గుడి వెలిగిందన్నమాట!

ఆ పరుగుతో గ్రీసు గాయాలు మానాయా? అంతర్యుద్ధం ఆగిందా?

లేదు, ఆగలేదు. ఇది సూటిగా చెప్పకపోతే మిగతా కథంతా అబద్ధంలా మారుతుంది. అక్రోపోలిస్ వెలిగిన ఆ వేసవిలోనే కొండల్లో దళాలు పెరిగాయి. యుద్ధం 1949 దాకా సాగింది. అన్నదమ్ములు చెరోవైపు నిలిచిన ఊళ్లు ఎన్నో. వేలాదిమంది జైళ్లకు, ద్వీపాల్లోని నిర్బంధ శిబిరాలకు వెళ్లారు. ఆ పగలు చల్లారడానికి దశాబ్దాలు పట్టింది.

కాబట్టి మారథాన్ శాంతి తెచ్చిందని నేను అనను. తేగలదని ఎవరైనా అంటే నమ్మకండి. అది చేసిన పని వేరు. ఒక దేశం రెండుగా చీలుతున్న వేళ, ఆ రెండు పక్షాలకూ సమానంగా ఉన్న ఆకలి గురించి మాట్లాడింది. కిరియాకిదిస్ రాజును సమర్థించే ప్రభుత్వ పక్షాన పరుగెత్తలేదు, కమ్యూనిస్టుల పక్షాన పరుగెత్తలేదు. తెచ్చిన గోధుమ పిండి మీద పార్టీ పేరు లేదు. పోరు ముదురుతున్న రోజుల్లో అలా ఎటూ మొగ్గని మనిషిని చూసి జనం చప్పట్లు కొట్టడమే నాకు ఆశ్చర్యం కలిగిస్తుంది. గాయం మానడానికి కాలం కావాలి, న్యాయం కావాలి, రాజకీయం కావాలి. అప్పటిదాకా రోగి బతికి ఉండాలంటే గంజి కావాలి. ఆయన తెచ్చింది ఆ గంజి.

అమెరికా గ్రీసుకు చేసిన భారీ సాయం ఈ పరుగు వల్లే వచ్చిందని చదివాను.

అది అతిశయోక్తి. 1947 మార్చిలో అధ్యక్షుడు ట్రూమన్ గ్రీసు, టర్కీలకు 40 కోట్ల డాలర్ల సాయం కోరింది సోవియట్ ప్రభావాన్ని అడ్డుకోవడానికి. బ్రిటన్ ఇక ఆ భారం మోయలేనని చెప్పింది కాబట్టి. దానికి కారణం భౌగోళిక రాజకీయం, మారథాన్ కాదు. గ్రీసు ఆకలిని మామూలు అమెరికన్లకు ఒక ముఖంతో పరిచయం చేసినవాడు కిరియాకిదిస్ అనవచ్చు. అంతకు మించి ఆయనకు అంటగడితే అసలు చేసిన పని కనపడకుండా పోతుంది.

ఏథెన్స్ మారథాన్‌కూ శాంతికీ సంబంధం ఉందంటారు. అదీ ఈయన వల్లేనా?

కాదు. అది గ్రిగోరిస్ లాంబ్రాకిస్ వల్ల. ఆయన వైద్యుడు, లాంగ్‌జంప్‌లో దీర్ఘకాలం గ్రీకు రికార్డు ఆయనదే. 1936 బెర్లిన్‌కు వెళ్లిన గ్రీకు జట్టులో కిరియాకిదిస్‌తో పాటు ఈయనా ఉన్నాడు. ఆక్రమణ కాలంలో క్రీడాపోటీలు పెట్టి, వచ్చిన డబ్బుతో ఆకలిగొన్నవాళ్లకు తిండి పెట్టించాడు. తర్వాత పార్లమెంటు సభ్యుడయ్యాడు.

1963 ఏప్రిల్ 21న మారథాన్ ఊరి నుంచి ఏథెన్స్ దాకా అణ్వాయుధాలకు వ్యతిరేకంగా శాంతి యాత్ర తలపెట్టారు. ప్రభుత్వం నిషేధించింది. వందల మందిని అరెస్టు చేసింది. పార్లమెంటు సభ్యుడిగా రక్షణ ఉన్న లాంబ్రాకిస్ ఒక్కడే బ్యానర్ పట్టుకుని నడిచాడు. శాంతి గుర్తు, కింద గ్రీసు పేరు. చివరికి పోలీసులు ఆయననూ పట్టుకెళ్లారు. నెల రోజులకు, మే 22న, థెస్సలోనికిలో యుద్ధవ్యతిరేక సభలో మాట్లాడి బయటికి వస్తుండగా మూడు చక్రాల బండి మీద వచ్చినవాళ్లు తల మీద కొట్టారు. అయిదు రోజుల తర్వాత చనిపోయాడు. అంత్యక్రియలకు లక్షల మంది వచ్చారు. నేటి ఏథెన్స్ మారథాన్ ఆయన స్మృతికి అంకితం. ఏటా వేలమంది పరుగెత్తేది ఆయన ఒంటరిగా నడిచిన ఆ దారిలోనే.

ఇలాంటి పరుగులు వేరే దేశాల్లో ఉన్నాయా?

బోస్టన్‌లోనే ఉన్నాయి. కిరియాకిదిస్ గెలిచిన మరుసటి ఏడాది, 1947లో, కొరియాకు చెందిన సుహ్ యున్ బోక్ అదే దారిలో 2 గంటల 25 నిమిషాల 39 సెకన్లతో ప్రపంచ రికార్డు పెట్టాడు. ఆయన గురువు సోన్ కీ చుంగ్. 1936 ఒలింపిక్ మారథాన్ గెలిచి, తన దేశం జపాన్ పాలనలో ఉన్నందువల్ల జపాన్ జెండా కింద తలవంచుకుని నిలబడ్డ మనిషి. శిష్యుడు కొరియా పేరుతో గెలవడం ఆ పాత అవమానానికి మందు. 1950 ఏప్రిల్‌లో మొదటి మూడు స్థానాలూ కొరియన్లవే. జూన్‌లో కొరియా యుద్ధం మొదలైంది.

2013లో బోస్టన్ గమ్యరేఖ దగ్గర బాంబులు పేలి ముగ్గురు చనిపోయారు, వందల మంది గాయపడ్డారు. నిందితుల కోసం గాలింపులో ఒక పోలీసు అధికారి బలయ్యాడు. మరుసటి ఏడాది మెబ్ కెఫ్లెజిఘి ఆ నలుగురి పేర్లు తన ఛాతీ మీది నంబరు కాగితం మూలల్లో రాసుకుని పరుగెత్తి గెలిచాడు. ఎరిట్రియాలో యుద్ధం నుంచి పారిపోయిన కుటుంబంలో పుట్టి అమెరికా పౌరుడైన వ్యక్తి. 1983 తర్వాత బోస్టన్‌లో పురుషుల విభాగం గెలిచిన మొదటి అమెరికన్ ఆయనే.

కిరియాకిదిస్ తర్వాత ఏం చేశాడు?

పేరును అమ్ముకుని బతకలేదు. ఏథెన్స్‌లోనే ఉంటూ క్రీడలకు దగ్గరగా జీవించి 1987 డిసెంబరులో కన్నుమూశాడు. చాలాకాలం గ్రీసు బయట ఆయనను దాదాపు మరిచిపోయారు.

ఆయన విగ్రహం ఎక్కడుంది? చూడవచ్చా?

రెండు చోట్ల ఉంది. ఒకటి గ్రీసులోని మారథాన్‌లో 2004లో పెట్టారు. రెండోది హాప్‌కింటన్‌లో, బోస్టన్ మారథాన్ దారిలో మొదటి మైలు దగ్గర, 2006లో. శిల్పంలో ఇద్దరున్నారు. పరుగెత్తుతున్న కిరియాకిదిస్, ఆయనకు దారి చూపుతూ పక్కన 1896లో మొదటి ఒలింపిక్ మారథాన్ గెలిచిన స్పిరిదోన్ లూయిస్. ఆ రెండు గెలుపుల మధ్య సరిగ్గా యాభై ఏళ్లు. బోస్టన్ చుట్టుపక్కల ఉండే తెలుగువారికి ఇది కారులో పోయివచ్చే దూరమే. ఏప్రిల్‌లో పందెం జరిగే సోమవారం మాత్రం రోడ్లు మూసేస్తారు, కనుక వేరే రోజు వెళ్లండి. పరుగెత్తడానికే వెళ్తున్నట్లయితే రోడ్డు పక్కన చూస్తూ పోండి. మొదటి పల్లం కాబట్టి వేగంలో కంటపడకుండా పోయే అవకాశం ఉంది.